అన్నయ్య సైకిలు

"సీటు ఇంత కిందకుందేమిటి వదినా?" అన్నాడు మరిది, సైకిలెక్కి కూర్చుని. మోకాళ్ళు వచ్చి హ్యాండిల్‌కి తగులుతున్నాయి. "అన్నయ్య నాకంటే పొడుగు. ఎలా తొక్కేవాడో!"

"ఆ సీటు గురించి ఆయన ఏనాడూ నోరెత్తలేదు," అంది పెద్దకోడలు. "ముందు నువ్వు దిగు."

అతను దిగలేదు. ఒక చేత్తో హాలు గోడని పట్టుకుని అటూ ఇటూ ఊగి చూసుకున్నాడు. నల్లటి కార్బన్ ఫైబర్ రేసు సైకిలు అది. ఎత్తితే పాలుతాగే పిల్లంత బరువుంటుంది. అతని బరువుకి దాని టైర్లు అణిగాయి.

అన్నయ్య పోయి నాలుగు నెలలైంది. మరిది మొదట ఆయన వాచీ పట్టుకెళ్ళాడు. తరవాత చెప్పులు. ఇవాళ ఆ చెప్పులే వేసుకుని సైకిలు కోసం వచ్చాడు. పొట్ట తగ్గించమని డాక్టరు చెప్పాడట. కారు మీద కట్టడానికి తాడు కూడా వెంట తెచ్చుకున్నాడు.

"అన్నయ్య గుర్తుగా నా దగ్గరుంటుంది," అన్నాడు జాలిగా మొహం పెట్టి. "మీరేం చేసుకుంటారు, గోడకి తగిలించుకుని చూస్తూ కూర్చుంటారా?"

"నా ఇష్టం. వాచీ ఇచ్చాను, చెప్పులిచ్చాను. ఇది మాత్రం ఇవ్వను."

సోఫాలోంచి అత్తగారు తలెత్తింది. ఈ కోడలి నోట 'ఇవ్వను' అన్న మాట ఆవిడ వినడం ఇదే మొదటిసారి.

"అదేం పెడసరమే? కాపరానికొచ్చిన కొత్తలో నువ్వూ సైకిలు తొక్కుతానని గొడవ చేశావు. మా ఇంటా వంటా లేదు, కోడలు వీధిలో సైకిలు తొక్కితే నేను తలెత్తుకోలేనన్నాను. బుద్ధిగా విన్నావు. ఇప్పుడేమైంది నీకు?"

అత్తగారు కొడుకువైపు తిరిగింది. "ఆ మరుసటి నెలే మీ అన్నకి పట్టుకుంది ఈ సైకిలు పిచ్చి. ఆదివారమొస్తే చాలు, దీన్ని కారెక్కించి ఊరవతల కొండదారికి పోయేవాళ్ళు ఇద్దరూ. ఇంటికి రాగానే వాడు ఓపిగ్గా సైకిలు తుడుచుకుంటుంటే, ఈవిడగారు స్నానం చేసి మంచమెక్కేది. కారులో కూర్చున్నదానికి అంత అలసటేమిటో!"

మరిది నవ్వి, గోడ మీద గుత్తిగా వేలాడుతున్న పతకాల్ని గలగలలాడించాడు. "ఇన్ని కొట్టినవాడి తమ్ముణ్ణి నేను! రక్తంలో ఉంటుందమ్మా ఇలాంటిది."

"ఏం లాభంరా? సైకిలు మీద వాడి ఫొటో ఒక్కటంటే ఒక్కటి లేదు," అంది అత్తగారు. "కారులో ఊరికే కూర్చునే బదులు ఒక్క ఫొటో తియ్యకూడదటే?"

కోడలికి ఏడుపొచ్చినంత పనైంది. ఇల్లు ఇప్పుడెంత బోసిగా ఉందో అత్తగారికీ తెలుసు, తనకీ తెలుసు. "కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది అత్తయ్యా," అంది మెల్లగా.

ఈలోగా మరిది కిందికి దిగి, జేబులోంచి స్పానర్ తీశాడు. బోల్టు వదులు చేసి సీటు పైకి లేపి, మళ్ళీ బిగించడానికి బలమంతా పెట్టబోయాడు. కోడలు ఒక్క అంగలో వచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"ఆగు! ఇది ఇనుము కాదు. అంత బిగిస్తే లోపల చిట్లుతుంది. పైకేమీ కనపడదు. కొండ దిగుతుంటే ఫెళ్ళున విరుగుతుంది. ఆ తాడుతో కట్టినా అంతే."

"అబ్బో! కారులో కూర్చునే ఇన్ని నేర్చుకున్నారే! సరే, బూట్లివ్వండి. ఈ పెడల్‌కి వేరే బూట్లుండాలట కదా."

"అవి నీకు పట్టవు."

"ఎందుకు పట్టవు? అన్నయ్య చెప్పులు నాకు అతికినట్టున్నాయి, చూడండి."

ఆమె చూసింది. అరిగిన ఆ చెప్పుల్ని చూడగానే ఆసుపత్రి మంచం గుర్తొచ్చింది. మంచం కింద ఆ చెప్పులు, మంచం మీద ఆయన. తెలివిలో ఉండగా ఆయన చివరిసారి మాట్లాడింది దీని గురించే. 'సైకిల్ని గోడకి వదిలెయ్యకు. అమ్మ ఏమన్నా సరే.' నాలుగు నెలలుగా ఆమె దాని చైనుకి నూనె వేస్తోంది, టైర్లకి గాలి కొడుతోంది, గుమ్మం దాటించే ధైర్యం మాత్రం చెయ్యలేకపోయింది. తన పిరికితనం మీద తనకే ఒళ్ళు మండింది.

గబగబా గదిలోకి వెళ్ళి, హెల్మెట్టూ, బూట్లున్న సంచీ పట్టుకొచ్చింది. సీటుని దాని కమ్మీ మీదున్న పాత గీతదాకా దింపి, తన స్పానర్‌తో బిగించింది. ఒంటిచేత్తో సైకిలెత్తి భుజాన వేసుకుంది.

"ఎక్కడికే? పుట్టింట్లో దాచిపెడతావా?" అంది అత్తగారు లేచి నిలబడి.

"దాచడం అయిపోయిందత్తయ్యా. తొక్కడానికి వెళ్తున్నాను."

"నువ్వా? ఈ వయసులోనా? వీధిలో అందరూ చూస్తుండగా?"

"చూడనివ్వండి. ఇవాళ కారు కూడా అక్కర్లేదు, మన గుమ్మంలోంచే తొక్కుకుంటూ పోతాను."

మరిది తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. "పడి కాళ్ళు విరగ్గొట్టుకుంటారు వదినా. అన్నయ్య సైకిలు అది!"

"అడ్డు లే," అంది. ఆ గొంతు విని అతను నిజంగానే పక్కకి తప్పుకున్నాడు.

అత్తగారు మెట్లదాకా వెంటపడింది. "ఆగవే! పదిమందిలో నవ్వులపాలు చెయ్యకు. వాడు తొక్కినట్టు నువ్వు తొక్కగలవా?"

కోడలు మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగింది.

"మీ అబ్బాయికి సైకిలు తొక్కడం రాదు అత్తయ్యా."