తాతయ్య గురి

రేపే పోటీ. మనవరాలు వాళ్ళ తాతయ్య పాత రైఫిల్‌తోనే కాలుస్తానని పట్టుబట్టింది. ప్రతిసారీ బోల్టు వెనక్కి లాగి చిన్న తూటా పెట్టుకోవలసిన రకం అది. ఆయన పోయాక బీరువాలోంచి బయటికి రావడం ఇదే మొదలు.

సాధన చూద్దామని నేనూ క్లబ్బుకు వెళ్ళాను. వరుసగా అయిదు తూటాలు కాల్చింది. టార్గెట్ మీది నల్లటి గుండ్రానికి ఒక్కటీ తగల్లేదు.

"నీకు అచ్చం మీ తాత గురే వచ్చిందే," అన్నాను. "ప్రతి ఆదివారం వచ్చి తూటాలు తగలేసి పోయేవారు. 'నేను కాలుస్తుంటే టార్గెట్ ముందు ఎవరైనా ధైర్యంగా నిలబడొచ్చు' అని ఆయనే అనేవారు. అందరూ పడీపడీ నవ్వేవాళ్ళు."

మనవరాలు నవ్వలేదు. వెళ్ళి కాగితం ఊడదీసుకొచ్చింది. అయిదు తూటాలూ అంచు దగ్గర ఒకే చిల్లులోంచి పోయాయి.

"గురి తప్పడమంటే ఇది కాదు నానమ్మా. గొట్టం మీద గురి చూసే సైటును కావాలనే పక్కకు జరిపారు. మళ్ళీ కదలకుండా టంకం కూడా పెట్టారు. తాతయ్య తప్ప దీన్ని ఇంకెవరు ముట్టుకుంటారు? కరిగించి సరిచేయిస్తే రేపు గెలుపు నాదే. చేయించనా?"

నా మరిదిని నేను ఫొటోలోనే చూశాను. మా పెళ్ళికి ముందే పోయాడు. అన్నతో సాధనకు వెళ్ళి, టార్గెట్‌కు కాగితం అతికిస్తుంటే ఎవరిదో తూటా తగిలిందని చెప్పారు. ఎవరిదని నేను అడగలేదు.

"వద్దు. క్లబ్బు రైఫిల్ తీసుకో."

"ఎందుకు నానమ్మా? సూటిగా తగిలితే ఎవరికి నష్టం?"

టార్గెట్ వైపు చూడలేకపోయాను.

"మీ చిన్నతాతకు," అన్నాను.