దంతపు సిలువ

చనిపోయిన నాన్న స్థానంలో బొగ్గుబావి నౌకరీ వచ్చినందుకు శాంతిరాజ్ తన క్వార్టర్‌లో కృతజ్ఞతా కూడిక పెట్టాడు. పొద్దున్నే వచ్చి వంటంతా చూసుకున్నది అక్క డెబోరాయే.

ప్రార్థన మొదలయ్యే ముందు అతని చూపు గోడ మీద పడింది. అక్కడ నిన్నటిదాకా లేని తాతనాటి ఏనుగు దంతపు సిలువ వేలాడుతోంది, ద్రాక్షతీగల చెక్కడంతో. నాన్న పోయినప్పుడు, "నౌకరీ నాకిడిసిపెట్టక్కా, సిలువ నువ్వు తీస్కో. మస్తు ధర పలుకుతది" అని తనే ఒప్పించాడు. ఆమె నమ్మి, నౌకరీ తమ్ముడికే ఇవ్వమని కాగితం మీద సంతకం పెట్టింది.

"ఏందక్కా, అమ్మలేదా?"

"మనసొప్పలే తమ్మీ. నీ ఇంట్లనే ఉండనియ్యి."

శాంతిరాజ్‌కు లోలోపల నవ్వొచ్చింది. రెండూ తనకే దక్కాయి. కూడికలో లేచి, అందరికీ సిలువను చూపించాడు.

"ఇది మా తాతది. ఇప్పుడు నాది. దేవుడు నాకేం తక్కువ చెయ్యలే."

అందరూ ఆమెన్ అన్నారు. వెనక డెబోరా కూర్చోబెట్టిన కొత్తవాళ్లిద్దరు మాత్రం లేచి ముందుకొచ్చారు. ఫారెస్టు ఆఫీసర్లు. సిలువను గోడ మీంచి దించి, "దీనికి పర్మిషన్ ఉన్నదా?" అని అడిగారు.

శాంతిరాజ్ అక్క చెయ్యి పట్టుకున్నాడు. "ఇది ఇంట్ల పెట్టుకున్నా జైలే అక్కా! నౌకరీ పోతది. నీకు తెల్వదా?"

డెబోరా చెయ్యి విడిపించుకుంది.

"మొన్న మంచిర్యాలల అమ్మవోతే తెలిసింది. నాకిచ్చిన నాడు నీకు తెల్వదా తమ్మీ?"

ఆమె పాస్టరుగారి ముందు విస్తరి వేసి, బిర్యానీ వడ్డించింది.