కొత్త నంబరు

“పాత నంబరే తీసియ్యి అన్నా. ఆయనకు గదొక్కటే తెలుసు” అంది స్వప్న.

“వద్దు. కొత్తదియ్యి” అన్నాడు పక్కనే నిలబడ్డ ఆమె మామ కిష్టయ్య.

సిరిసిల్ల బస్టాండు ఎదుట సెల్ షాపు నడిపే శ్రావణ్ ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. కోడలికి నెలలు నిండాయి. నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడలేక నిలబడింది. మామకు అరవై దాటి ఉంటాయి. గడ్డం మాసిపోయింది, చంకలో ఒక ప్లాస్టిక్ కవరు. శ్రావణ్ స్టూలు ఇవతలికి జరిపి ఆమెను కూర్చోమన్నాడు.

“సిమ్ముకు ఏమైంది చెల్లె?”

“మామ చేతిల నుంచి ఫోన్ కుడితి గోలెంల పడ్డది. ఆయనే విప్పి ఆరవెట్టిండు. ఫోన్ మంచిగనే అయింది గని, సిమ్ము యాడ పడ్డదో దొరుకుతలేదు.”

“డూప్లికేట్ అయితే పావుగంటల ఇస్త. గదే నంబరు ఉంటది.”

“చెప్పిన గద తమ్మీ. కొత్త నంబరు, కొత్త కంపెనీ” అన్నాడు కిష్టయ్య.

స్వప్న తల దించుకుంది. భర్త మహేందర్ దుబాయ్‌లో ఉంటాడు. రోజూ రెండు పూటలా ఫోన్ చేసే మనిషి. అతనితో మాట్లాడి నాలుగు రోజులైంది.

“పెద్దాసుపత్రి నుంచే వస్తున్నం అన్నా. బీపీ బాగ ఎక్కువున్నదట. శుక్రవారం ఆపరేషన్ చేస్తమన్నరు. పుట్టంగనే ముందుగాల నాకే వీడియోల చూపియ్యాలె అన్నడు ఆయన. మామ ఫోన్‌కు చేస్తుండట గని, మామ నాకు ఇస్తలేడు.”

“నేను పొలం కాడ ఉన్నప్పుడు చేస్తుండు. మంచిగనే ఉన్నడు. డ్యూటీ ఎక్కువున్నదట” అన్నాడు కిష్టయ్య, గోడ మీది క్యాలెండర్ వైపు చూస్తూ.

అతని జేబులో కీప్యాడ్ ఫోన్ మోగింది. తీసి చూసి కట్ చేశాడు.

“ఎవలు మామా?”

“ఎవలో. ఊకె చేస్తరు.”

శ్రావణ్ మూడు కంపెనీల కార్డులు కౌంటర్ అద్దం మీద వరసగా పెట్టాడు. “మీది ఏ ఊరు కాకా?”

“కోనరావుపేట అవతల. గుట్ట కింది ఊరు.”

“అయితే గీ మొదటిది తీసుకో. మీ బడి పక్కనే టవరున్నది. ఇంట్ల కూసున్నా నాలుగు గీతలు చూపిస్తది. రెండోది వాకిట్లకు వస్తే పలుకుతది. మూడోది మీకు పనికి రాదు. గుట్ట ఎక్కితే తప్ప ఒక్క గీత రాదు.”

“మూడోదియ్యి.”

ముసలాయనకు అర్థం కాలేదేమోనని శ్రావణ్ మళ్ళీ మొదటినుంచి చెప్పబోయాడు.

“చెవులు వినపడుతయి తమ్మీ. మూడోదియ్యి.”

స్వప్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మామా, గది పలకదంటుండు గద.”

“ఊకో బిడ్డా. పొద్దంత ఫోన్ పట్టుకొని కూసుంటే బీపీ ఎట్ల తగ్గుతది?”

శ్రావణ్‌కు ఒళ్ళు మండింది. కొడుకుతో కోడలు నాలుగు మాటలు మాట్లాడితే ఓర్వలేని మామలను ఈ షాపులో చాలామందినే చూశాడు. కానీ తొమ్మిది నెలలు నిండిన పిల్లను ఇలా ఏడిపించేవాణ్ణి చూడటం ఇదే మొదలు. ఆ పిల్ల వెంట తల్లి రాలేదు, అత్త కూడా రాలేదు. అడిగేవాళ్ళు లేకనే ఈయన ఇంత ఆడిస్తున్నాడనుకున్నాడు.

“ఆధార్ తియ్యి” అన్నాడు ముభావంగా.

కిష్టయ్య కవరులో చెయ్యి పెట్టి వెతికాడు. ఆధార్‌తోపాటు మహేందర్ ఫోటోలు రెండు, పాస్‌పోర్ట్ జిరాక్స్ కింద పడ్డాయి.

“ఆయన పాస్‌పోర్ట్ ఎందుకు మామా?”

“సిమ్ముకు అడుగుతరేమోనని తెచ్చిన.”

“సిమ్ముకు పాస్‌పోర్ట్ ఎవలడుగుతరు కాకా” అన్నాడు శ్రావణ్ వెటకారంగా. కిష్టయ్య వంగి కాయితాలు ఒక్కొక్కటే ఏరి, ధోవతికి తుడిచి, మళ్ళీ కవరులో పెట్టుకున్నాడు.

శ్రావణ్ స్వప్న ఫోటో తీసి, వివరాలు కొట్టి, కార్డు ఫోనులో వేశాడు. “రేపటికి సిమ్ము చాలూ అయితది చెల్లె” అన్నాడు. గుట్ట ఎక్కితేనే పలుకుతుందని మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు.

“నువ్వు పోయి ఆటోల కూసో బిడ్డా. మెల్లగ, మెట్టున్నది” అన్నాడు కిష్టయ్య.

ఆమె దిగి వెళ్ళేదాకా ఆగి శ్రావణ్ నోరు విప్పాడు.

“కాకా, తప్పనుకోకు. నీళ్ళాడే మనిషి. పెనిమిటి గొంతు వింటే గుండె నిమ్మలమైతది. గా ఒక్క ముచ్చటకు ఎందుకు అడ్డం పడుతున్నవు? పాపమనిపిస్తలేదా నీకు?”

కిష్టయ్య ఆటో వైపు చూశాడు. స్వప్న ఫోను అద్దాన్ని కొంగుతో తుడుస్తోంది.

“శుక్రవారం దాక ఆమెకు ఫోన్ రావద్దు తమ్మీ. గంతే.”

అప్పుడే అతని ఫోన్ మళ్ళీ మోగింది. శ్రావణ్ తొంగి చూశాడు. దుబాయ్ నంబరు.

“గిదిగో, నీ కొడుకే చేస్తుండు. ఆమెను పిలువనా?”

“వద్దు” అంటూ కిష్టయ్య అతని చెయ్యి పట్టుకున్నాడు. “వాడు కాదు. వాని రూముల ఉండే పిలగాండ్లు, పాస్‌పోర్ట్ కాయితాల కోసం చేస్తుండ్రు.”

“మరి నీ కొడుకేడి?”

కిష్టయ్య ఆటో వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“నా కొడుకు పానం పోయి నాలుగు దినాలైంది.”