ఏటి నీళ్ళతో మింగాల్సిన మందు

మంచి మందిచ్చినా జ్వరం తగ్గలేదంటే తప్పెవరిదర్రా?

కుందేళ్ళదే అనుకుంది అడవిలో వైద్యం చేసే ఎలుగుబంటి. తిప్పతీగ పొడిని తెల్లవారగానే పరగడుపున, అప్పుడే తెచ్చిన ఏటి నీళ్ళతో మింగాలని చెప్పేది. కుందేళ్ళన్నీ బుద్ధిగా తలూపేవి, ఒక్కటీ మింగేది కాదు. పాపం, ఓ తల్లికుందేలు బిడ్డ అయితే జ్వరంతో కళ్ళు కూడా తెరవడం లేదు.

సంగతేమిటో కనుక్కోమని ఎలుగు గోరింకను పంపింది. గోరింక ప్రతి బొరియ దగ్గరా కూర్చుని, తొందరపెట్టకుండా అందరి మాటా వినివచ్చింది.

"మామా, ఆ వేళప్పుడు ఏటి దగ్గర నక్క ఉంటుందట. నీతో చెప్పడానికి వాళ్ళకు మొహమాటం."

"కబుర్లతో జ్వరం దిగుతుందా?" అని ఎలుగు విసుక్కుంది. కానీ తల్లికుందేలు మళ్ళీ వచ్చినప్పుడు, మందు ఇవ్వబోయి ఆగింది.

"అమ్మాయ్, దీన్ని బిడ్డ చేత ఎలా మింగిస్తావు?"

తల్లికి ఏడుపొచ్చింది. "ఏటికి పోలేను మామా."

"పోవద్దులే. మీ బొరియ ముందు గడ్డి మీద మంచు పడుతుందిగా, ఆ నీళ్ళు చాలు."

జ్వరం దిగింది. బిడ్డ ఆకలంటూ తల్లి చెవి కొరికింది. ఇక ఆ ప్రశ్న అడగకుండా ఎలుగు ఎవరికీ మందివ్వలేదు.

సరే, మునగాకు సగమే దూశాను, ఆ పని కానిచ్చి వస్తాను. ఒరేయ్ సుధన్వా, దగ్గుమందు కిటికీలోంచి ఎందుకు పారబోస్తున్నావో వచ్చాక చెబుదువుగాని. తిట్టనులే.