ఎవరి బిడ్డవు?

"భూమి కింద స్టేషన్ కడితే మీరు అందులో రైలెక్కుతారా?"

పొద్దున్నించి కరుణ అందరినీ అడుగుతున్న ప్రశ్న ఇదే.

"అంత లోతుకు దిగితే గాలి ఆడుతుందా బేటా?" అని హిందీలో ఎదురు ప్రశ్న వేసి, జవాబు కోసం ఆగకుండానే వెళ్ళిపోయాడు ఒక మూటలాయన.

సూరత్ రైల్వే స్టేషన్ ముందు రోడ్డంతా తవ్వి రేకులు కట్టారు. మెట్రో వస్తే ఇక్కడ ఎంతమంది ఎక్కుతారు, ఎంతమంది దిగుతారు, మెట్లు ఎటువైపు పెడితే జనానికి వీలు? ఇవన్నీ కనుక్కునే కంపెనీలో ఆమెకు ఉద్యోగం.

కరోనా రెండోసారి వచ్చి ఊరిని ఊడ్చుకుపోయిన ఏడాది అది. గాలి మాట ఎత్తితే చాలు, కరుణకు గుండె కలుక్కుమనేది.

ఆమె తండ్రి ఆగయ్య గాలి ఆడకే పోయాడు.

తెలంగాణ నుంచి సూరత్‌కు వలసొచ్చి, ఇక్కడి ఖటోదరా పేటలో సాంచాలు, అంటే కరెంటు మగ్గాలు, నడిపి నడిపి అరిగిపోయిన మనిషి. ఆస్పత్రికి పోయే ముందురోజే తండ్రీ కూతుళ్ళకు పెద్ద గొడవ. "రోగాల కాలంల స్టేషన్ కాడ నిలవడి కొలువు జేస్తవా?" అని ఆయన తిట్టాడు. ఈమె తలుపు దభాలున వేసుకుంది. మళ్ళీ మాటల్లేవు.

ఆస్పత్రిలోకి ఇంటివాళ్ళను రానివ్వలేదు. అంతా అయ్యాక బట్టల మూట ఇచ్చారు గానీ, అందులో ఆయన కళ్ళజోడు లేదు. అడుగుదామని ఫోన్ చేస్తే నర్సమ్మ వేరే మాట చెప్పింది.

"ఆక్సిజన్ మాస్కు లోపల ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయమ్మా. గొంతు రాలేదు. నాకేమీ అర్థం కాలేదు. పక్క మంచం మనిషి మాత్రం అంతా విన్నట్టే తల ఊపాడు."

నాయిన ఏమన్నాడు? కోపంతోనే పోయాడా? అప్పటి నుంచీ కరుణకు కంటిమీద కునుకు లేదు.

మధ్యాహ్నం ఒక ముసలాయన వచ్చి ఆమె ఎదుట నిలబడ్డాడు. భుజాన సంచి, చంకలో దుప్పటి చుట్ట. మాస్కు గడ్డం కిందికి లాగేసుకున్నాడు.

ఆమె మెడలోని కార్డు మీదికి వంగి గుజరాతీ అక్షరాలు కూడబలుక్కున్నాడు.

"క... రు... ణ."

కరుణ కార్డును అరచేత్తో మూసింది.

"ఎవరి బిడ్డవు?" అన్నాడు తెలుగులో, వీధి వీధంతా వినపడేటట్టు.

సొంత భాష వినేసరికి ఆమె కాస్త మెత్తబడింది.

"ఆగయ్య బిడ్డను. ఏం గావాలె తాతా?"

ముసలాయన ఆమె మాస్కు వైపే కళ్ళార్పకుండా చూశాడు.

"ఎవరి బిడ్డవు?"

"చెప్పిన గద, ఆగయ్య బిడ్డనని! జర దూరం నిలవడు."

దూరం జరగలేదు సరికదా, ఇంకో అడుగు ముందుకేశాడు.

"మాస్కు తియ్యి బిడ్డా. ఒక్కపారి మొకం సూపియ్యి."

కరుణకు ఒళ్ళు మండిపోయింది. నడిరోడ్డు మీద ఆడపిల్లను అడిగే మాటేనా అది? అందులోనూ ఈ కాలంలో!

"సిగ్గు లేదా తాతా? పెద్దమనిషివని ఊకుంటే గిట్లనా?"

ముసలాయన ఆమె మూతి వైపు చెయ్యి చాపాడు.

కరుణ కెవ్వుమంది. జనం మూగారు. గార్డు పరుగెత్తుకొచ్చి, "చలో, చలో!" అంటూ ఆయన రెక్క పట్టుకుని రేకుల చివరిదాకా ఈడ్చుకుపోయాడు.

ముసలాయన వెనక్కి తిరిగి తిరిగి చూస్తూనే పోయాడు.

టీ వేళకు గార్డు మళ్ళీ వచ్చాడు. ముఖం అదోలా ఉంది.

"మేడమ్, ఆయన చెడ్డవాడు కాదేమో" అన్నాడు హిందీలో. "చెవులు వినపడవు. వెనక నుంచి టిప్పర్ హారన్ కొడుతూ మీదికొస్తున్నా తిరిగి చూడలేదు. నేనే పక్కకు లాగాను."

కరుణ రేకుల చివరి వైపు తిరిగి చూసింది.

సాంచాల రొదలో బతికినవాళ్ళకు చెవులు పోతాయి. పోయాయని మాత్రం ఎవరికీ చెప్పరు, శేఠ్ పని మానిపిస్తాడని భయం. ఎదుటివాళ్ళ పెదవులు చూసే మాట పట్టుకుంటారు. ఆగయ్యా అంతే. "మూతి మూసుకొని మాట్లాడితే నాకేం తెలుస్తదే?" అని మాస్కులొచ్చినప్పటి నుంచీ కూతురి మీద విసుక్కునేవాడు. అన్నీ ఎరిగిన పిల్లకే ఆ సంగతి తట్టలేదు.

"ఎక్కడికి పోయాడు?"

"స్టేషన్‌లోకి. పని దొరకడం లేదట. సికింద్రాబాద్ బండికి ఊరెళ్ళిపోతున్నాడు. ఆ అమ్మాయి ఆగయ్య కూతురే అయితే ఇది ఇమ్మన్నాడు. డ్యూటీ వదిలి రాలేకపోయాను మేడమ్."

పాత గుడ్డలో చుట్టిన కళ్ళజోడు.

విరిగిన కాడకు జరీ పోగు చుట్టి ముడి వేసి ఉంది. తెగిన పోగును కలపడానికి సాంచాల మీద వేసే ముడి అది. ఆగయ్య తన చేత్తో వేసుకున్నది.

కరుణ పరుగెత్తింది. జనాన్ని తోసుకుంటూ, మెట్లెక్కి, ఆయాసంతో ప్లాట్‌ఫారం మీద పడింది. సికింద్రాబాద్ బండి అప్పుడే కదిలిపోతోంది.

"తాతా!" అని అరవబోయి ఆగిపోయింది. అరిస్తే మాత్రం ఎవరు వింటారు?

మాస్కు కిందికి లాగేసింది. బండి పక్కనే నడుస్తూ, కనపడిన ప్రతి కిటికీకీ ముఖం చూపిస్తూ పెదవులు కదిపింది.

"ఆగయ్య బిడ్డనే తాతా. నేను ఆగయ్య బిడ్డనే."

ఏ కిటికీలోంచీ ఆ ముఖం కనపడలేదు. కనీసం ఆయన పేరేమిటో కూడా కరుణకు తెలియదు.

ఆగయ్య చివరి మాటలను కళ్ళతో విన్న ఆ పక్క మంచం మనిషి, వాటిని తన వెంటే తీసుకుపోయాడు.