దయ్యం వచ్చిన పని

ప్రొద్దుటూరులో నగలు చేసే నబీ రసూల్‌కు, ఎవరూ చూడని పాత దయ్యాల సినిమాలు యూట్యూబ్‌లో చూసి, కింద అభిప్రాయం రాయడం అలవాటు. తన పేరు, అంగడి పేరు కూడా పెడతాడు.

ఒకదాని కింద ఇలా రాశాడు: "విలన్ అదరగొట్టాడు. గొంతు పిసికేటప్పుడు, తర్వాత దయ్యమయ్యే ఆ అమ్మాయి నవ్వేసి సినిమా చెడగొట్టింది."

వారం తిరక్కముందే జమ్మలమడుగు నుంచి ఒక ముసలావిడ అంగడికి వచ్చింది.

"నా పేరు దీవెనమ్మ. ఆ నవ్వింది నేనేప్పా."

నబీ రసూల్ పట్టకారు పక్కన పెట్టి ఫోన్ అందుకున్నాడు. "తప్పయిందమ్మా. ఇప్పుడే తీసేస్తా."

"నవ్విన మాట నిజమే, అది ఉండనీ. విలన్‌ను మెచ్చుకున్యావే, అది తీసెయ్."

"ఎందుకమ్మా?"

"నేను పెండ్లి చేసుకునింది ఆయప్పనే. నువ్వు రాసింది చదివినప్పట్నుంచి మంచినీళ్లు కూడా నన్నే ముంచియ్యమంటాండాడు."