ఎండురొయ్యల మాస్టారు

విజయనగరంలో ఆ ఇంటిని దోచాలంటే ముందు కుక్క నోరు మూయించాలి. అప్పలసూరికి వచ్చిన పని అదొక్కటే.

కార్డు మీద కుక్కల ట్రైనరని అచ్చేయించుకున్నాడు. అబద్ధం కాదు. ఎంత అరిచే కుక్కనైనా మూడు వారాల్లో మేకపిల్లని చేస్తాడు. కాకపోతే చిన్న తిరకాసుంది. సరైన ట్రైనరు రోజుకో కొత్త మనిషిని తెచ్చి కుక్కకి అలవాటు చేస్తాడు. అప్పలసూరి ఎవర్నీ తేడు. కుక్క ఊరందరి మీదా మొరగాలి, తన ఒక్కడి మీద తప్ప. ఇంటివాళ్లు ఏ పెళ్లికో వెళ్లిన రోజున ఆ ఒక్కడే లోపలికెళ్తాడు.

ఈ లెక్కన బొబ్బిలిలో ఒక ఇల్లు, పార్వతీపురంలో ఒక ఇల్లు అయ్యాయి. ఊరికో పేరు. బొబ్బిలిలో గెడ్డం పెంచి నాగబాబయ్యాడు. ఇక్కడికొచ్చేసరికి గెడ్డం గీయించేసి, పేర్లు కూడా అయిపోయి, అమ్మానాన్నా పెట్టిందే వాడుకుంటున్నాడు.

పెళ్లాం ఈశ్వరి తేల్చి చెప్పేసింది. మళ్లీ పోలీసులు గుమ్మం తొక్కితే పిల్లనెత్తుకుని ఎచ్చెర్ల పుట్టింటికి పోతానంది, వెనకాల రావద్దంది. ఇదే ఆఖరిదని ఆమె తల మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. కిందటిసారి ఒట్టు కూడా ఆ తల మీదే.

ఇల్లు బెల్లం షావుకారుది. పిలిపించింది ఆయన భార్య కన్యకాపరమేశ్వరి. గేటు దగ్గరే కుక్క గొడవంతా చెప్పేసింది. వచ్చినవాళ్లందరి మీదా ఊరికే అరుస్తాడని ఈమధ్యే తాసిల్దారని పేరు పెట్టారట. గ్యాసు బండివాడు సిలిండరు రోడ్డు మీదే దింపేసి పారిపోతున్నాడట.

అప్పలసూరి కుక్కకి పక్కగా తిరిగి, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"మొకం సూడకూడదమ్మగోరూ. కళ్లల్లోకి సూస్తే కలబడ్డానికి పిలిసినట్టే. అరిసే కుక్కకి ఉన్నాది కోపం కాదు, బయ్యం. నాను దాని మొకమే సూడను."

"ఎన్నాళ్లు చూడవు?"

"పనైపోయేదాకా."

ఆ ఒక్క ముక్కా నిజమే చెప్పాడు. ఇంతవరకు ఏ కుక్క మొహమూ సరిగ్గా చూసి ఎరగడు. తోకా చెవులూ చూస్తే చాలు అతనికి. ఇప్పుడూ ఓరకంట కనబడిందల్లా బొచ్చు కత్తిరించేసిన గోధుమరంగు వీపు.

పరమేశ్వరమ్మ గొలుసు విప్పింది. తాసిల్దారు గట్టిగా అరిచి దూసుకొచ్చాడు. సగం దారిలో ఆగాడు. గాలి పీల్చాడు. తర్వాత తోకాడించుకుంటూ వచ్చి, అప్పలసూరి ఎడమ జేబుకి ముక్కు ఆనించి, కింద పడుకుని, ఎడమ చెప్పు మీద గెడ్డం పెట్టేశాడు.

మూడు వారాల పాఠం పది నిమిషాల్లో అయిపోయింది.

ఆ జేబులో వేయించిన ఎండురొయ్యలున్నాయి. గుడ్డు కూడా గడప దాటని ఇల్లది, బయటపెడితే గెంటేస్తారు. పెరుగన్నం తిని తిని చచ్చిన నోరు పాపం అనుకుని, ఆవిడ చూడకుండా ఒకటి జారవిడిచాడు. తాసిల్దారు చప్పుడు కాకుండా పుచ్చుకున్నాడు. పేరుకి తగ్గవాడే.

పరమేశ్వరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఇప్పటికి పదకొండు మందిని పిలిపించిందట. శ్రీకాకుళం నుంచి వచ్చినాయన సర్టిఫికెట్టు చూపిస్తుండగానే ప్యాంటు చిరిగిపోయిందట. అప్పలసూరికి కాఫీ తెచ్చిచ్చింది.

"నీ చేతిలో ఏదో ఉంది నాయనా."

"అమ్మోరి దయ," అన్నాడు అప్పలసూరి, జేబు మూసుకుంటూ.

ఆ సంబరంలో ఆవిడ నోరు ఆగలేదు. మంగళవారం అమ్మవారి జాతరలో సిరిమాను చూడ్డానికి ఇంటిల్లిపాదీ పోతున్నామంది, చీకటిపడితే గాని రామంది. బీరువాలో అత్తగారి కాసులపేరుందని దిగులుపడింది. తాళంచెవి దేవుడి పటం వెనకే పెట్టానని పనిమనిషితో అంది, వీధిలోకి వినబడేలా.

అప్పలసూరి ఇంటికెళ్లి, కుక్కలిప్పుడు తనని చూస్తూనే లొంగిపోతున్నాయని ఈశ్వరితో గొప్పలు పోయాడు.

"నీ మొకం సూసి లొంగిపోనాదేటి?" అని ఆమె కూర కలుపుకుంది.

మంగళవారం మూడింటికి ఊరంతా సిరిమాను వెనకాలే ఉంది. వీధిలో మనిషి లేడు. అప్పలసూరి గోడ దూకాడు. తాసిల్దారు కిక్కురుమనలేదు. చెప్పు మీద గెడ్డం, నోట్లో రొయ్య. పెరటి తలుపు గెడ ఎత్తితే తెరుచుకుంది. తాసిల్దారు కూడా వెనకాలే లోపలికొచ్చాడు. పటం వెనక తాళంచెవి ఉంది. బీరువా రెండో అరలో నగల పెట్టె ఉంది. తెరిచాడు.

కాసులపేరు లేదు. గుప్పెడు ఎండురొయ్యలున్నాయి.

ఈ ఇంట్లో రొయ్యలేటని అతనింకా తేల్చుకోకముందే వంటింట్లోంచి ఎస్సై వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. వెనకాలే పరమేశ్వరమ్మ, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని.

"అవి బొబ్బిల్లో మా అక్క బీరువా ముందు దొరికాయి," అంది. "గెడ్డం ఉన్నవాడు, పేరు నాగబాబు. అక్క చూపు ఆనని మనిషి, అంతకన్నా చెప్పలేకపోయింది."

అప్పలసూరికి ఈశ్వరి గుర్తొచ్చింది. ఎచ్చెర్ల బస్సు కూడా గుర్తొచ్చింది.

"నీ పనైపోయింది కదా నాయనా. ఇప్పుడు చూడు దాని మొహం."

చూశాడు. చెప్పు మీద గెడ్డం పెట్టుకుని అదీ అతన్నే చూస్తోంది, రెండో రొయ్య కోసం.

"అది మా అక్క కుక్క," అంది పరమేశ్వరమ్మ. "పదకొండు మంది మీదా మొరిగింది, వాళ్లు కొత్తవాళ్లు గనక."